మడిస్తే కర్ర, విప్పితే అరచందమామ!

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే మన చెయ్యి ముందుగా వెతికేది దేనికోసం? విసనకర్ర కోసమే కదా! తాటాకుదో, వెదురుదో, అదీ కనబడకపోతే పిల్లల నోటుపుస్తకం అట్టో... గాలి వస్తే చాలు. కరెంటు రాగానే దాన్ని మంచం కిందకో, బీరువా మీదకో తోసేస్తాం. మన దృష్టిలో విసనకర్ర ఒక పనిముట్టు, అంతే.

జపాన్‌లో విసనకర్ర కథే వేరు. అక్కడ మడత విసనకర్ర పెళ్లికూతురి నడుముపట్టీలో ఉంటుంది, నాట్యం చేసేవాళ్ల చేతిలో ఉంటుంది, తేనీటి వేడుకలో అతిథి మోకాళ్ల ముందు ఉంటుంది. వాళ్ల కిమోనోల మీద డిజైనుగానూ ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పుణ్యమా అని ఆ డిజైన్లే మన జాకెట్ల వీపుల మీదకీ, కుషన్ కవర్ల మీదకీ వచ్చేస్తున్నాయి. బాగానే ఉంది. కానీ ఒక చిక్కుంది. వాటిని మనం మన అలవాటు ప్రకారం సందు లేకుండా నింపి కుట్టేస్తున్నాం. బట్ట బిర్రబిగిసిపోతుంది, డిజైను చుట్టూ ముడతలు లేస్తాయి, గంటలకొద్దీ దారం పోసినా ఫొటోలో చూసిన అందం మాత్రం రాదు.

ఎందుకు రాదో తెలియాలంటే ఆ విసనకర్ర ఎలా పుట్టిందో, ఎలా మడతపడుతుందో తెలియాలి. ఈ వారం కుట్టుపెట్టె తెరిచేముందు కాసేపు అక్కడికి వెళ్లొద్దాం రండి.

గబ్బిలం పేరు పెట్టుకుంది

గుండ్రంగా, ఒకే రేకుగా ఉండే విసనకర్రను జపాన్‌వాళ్లు 'ఉచివా' అంటారు. మన తాటాకు విసనకర్రకు అది వరసకు అక్కయ్య. మడతపడేదాన్ని 'ఓగి' అనీ, 'సెన్సు' అనీ అంటారు. ఈ మడత విసనకర్ర జపాన్‌వాళ్ల సొంత సొమ్ము. మొదట్లో దీనికి కాగితమూ లేదు, బట్టా లేదు. 'హినోకి' అనే సువాసన చెక్కను పల్చటి పలకలుగా చీల్చి, ఒక చివర మేకు బిగించి, రెండో చివర దారంతో కలిపి కట్టేవారు. క్యోటోలోని తోజి ఆలయంలో వెయ్యి చేతుల కన్నోన్ విగ్రహం చేతి లోపల అలాంటి చెక్క విసనకర్ర ఒకటి దొరికింది. దానిమీద 877వ సంవత్సరానికి సరిపోయే తేదీ రాసి ఉంది!

తరువాత వెదురు పుల్లలకు కాగితం అంటించడం మొదలైంది. విప్పితే గబ్బిలం రెక్కలా ఉందని దానికి 'కవహొరి' అని పేరు పెట్టారు. అంటే గబ్బిలమే. మనమైతే ఇంట్లోకి గబ్బిలం వస్తే చీపురు తీసుకుంటాం, వాళ్లు దాని రెక్క చూసి విసనకర్ర చేసుకున్నారు! అక్కడినుంచి అది చైనాకు వెళ్లింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి యూరప్ చేరి, అక్కడి దొరసానుల చేతుల్లో చేరింది.

క్యోటోలో ఈనాటికీ చేత్తో విసనకర్రలు చేసేవాళ్లున్నారు. పుల్ల కోసిన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా ఒక్కో విసనకర్ర 87 సార్లు చేతులు మారుతుందని అక్కడ చెబుతారు. పుల్లలు చేసేవాళ్లు వేరు, కాగితం అతికేవాళ్లు వేరు, బొమ్మ వేసేవాళ్లు వేరు, మడతపెట్టేవాళ్లు వేరు. కాగితాన్ని రెండు అట్ట అచ్చుల మధ్య పెట్టి మూడూ కలిపి మడుస్తారు. ఆ తరువాత కాగితం పొరల మధ్య సందులోకి నోటితో గాలి ఊది, ఆ సందుల్లోకి పుల్లల్ని దూరుస్తారు. చదివితేనే ఊపిరి బిగబట్టాలనిపిస్తుంది కదూ!

చివర్లో విశాలం

విసనకర్రకు జపాన్‌వాళ్లు పెట్టుకున్న ఇంకో ముద్దుపేరు 'సుఎహిరో'. 'పోనుపోను విశాలమయ్యేది' అని అర్థం. మొదట్లో ఇరుకుగా, చివరికి వెడల్పుగా ఉంటుంది గనక, బతుకు కూడా అలాగే పోనుపోను విచ్చుకోవాలని దీవెన. అందుకే నిశ్చితార్థం కానుకల్లో ఒక తెల్ల విసనకర్రల జత ఉంటుంది. పెళ్లికూతురు కిమోనో నడుముపట్టీలో చిన్న విసనకర్ర దోపుకుంటుంది. తేనీటి వేడుకలో అతిథి దాన్ని విప్పనే విప్పదు. మడిచినదాన్ని మడిచినట్టే తన మోకాళ్ల ముందు పెట్టి నమస్కరిస్తుంది. 'ఈ గీతకు అవతల మీరు, ఇవతల నేను' అనే మర్యాద అన్నమాట. 'రకుగో' అనే కథలు చెప్పేవాడి చేతిలో అదే విసనకర్ర ఒకసారి అన్నం తినే పుల్లలవుతుంది, ఒకసారి కలమవుతుంది, ఇంకోసారి పొగగొట్టమవుతుంది. నాట్యానికి వాడే విసనకర్ర చివరి పుల్లల్లో సీసం బిళ్లలు దాస్తారు. అలా బరువుంటేనే ఎగరేసినప్పుడు చక్కగా తిరిగి చేతిలో వాలుతుంది.

ఇన్ని పనులూ ఎలా చేయగలుగుతోంది? మడతపడుతుంది కాబట్టి! విసనకర్ర అందమంతా మడతలో ఉంది. మడత కోసం బొమ్మ తన చోటు వదులుకుంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మన ఎంబ్రాయిడరీ సగం బాగుపడుతుంది.

ఏ డిజైనుకు ఏ అర్థం?

జపాన్ డిజైన్లలో ఊరికే పెట్టిన గీత తక్కువ. కుట్టేముందు నాలుగైదు గుర్తుపట్టండి.

సెయ్‌గాయ్‌హ: ఒకదానిమీద ఒకటి పేర్చిన అర్ధవలయాలు. మనకు చేప పొలుసుల్లా కనిపిస్తుంది గాని ఇవి సముద్రపు అలలు. ఎడతెగని శాంతి, సౌభాగ్యం కోరుతూ వేస్తారు.

అసనోహ: ఆరు కోణాల నక్షత్రంలా ఉంటుంది. ఇది 'అసా' అనే నార మొక్క ఆకు. ఆ మొక్క నిటారుగా, త్వరత్వరగా పెరుగుతుంది. బిడ్డలూ అలాగే ఎదగాలని పసిపిల్లల బట్టలమీద వేస్తారు. మీ ఇంట్లో బారసాల ఉంటే దుప్పటి అంచుకు ఇంతకంటే మంచి డిజైను ఏముంటుంది?

షిప్పో: ఒక వలయంలోకి నాలుగు వైపుల నుంచీ నాలుగు వలయాలు చొచ్చుకొస్తాయి. ఏడు రత్నాలని అర్థం.

యగసురి: బాణం ఈకల వరస. వదిలిన బాణం వెనక్కి రాదు గనక, అత్తింటికి వెళ్లే పిల్ల కాపురం స్థిరంగా ఉండాలని ఈ డిజైనున్న కిమోనో ఇచ్చే ఆచారం ఉండేది.

కొంగ, తాబేలు: కొంగ వెయ్యేళ్లు, తాబేలు పదివేలేళ్లు బతుకుతాయని వాళ్ల నమ్మకం. రెండూ దీర్ఘాయుష్షుకు గుర్తులు.

తూనీగ: వెనక్కి తగ్గకుండా ముందుకే దూసుకుపోతుందని యోధులు కవచాల మీద పెట్టుకునేవారు. అబ్బాయిల చొక్కా జేబుకు బాగుంటుంది.

విసనకర్రకు కూడా డిజైన్లలో పెద్దపీటే. విప్పినవీ, సగం విప్పినవీ, మడిచినవీ కలిపి బట్టంతా చల్లినట్టు వేయడం ఒక పద్ధతి. విసనకర్రలు ఏట్లో తేలుతూ పోతున్నట్టు అలలతో కలిపి వేయడం ఇంకో పద్ధతి. పమిటకొంగుకు ఈ రెండోది ఎంత బాగా కుదురుతుందో ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

రంగుల సంగతి. ఎరుపు, తెలుపు జత వాళ్లకు శుభం. నలుపు, తెలుపు జత మాత్రం చావు ఇంటి తెరల రంగు. తెల్లచేమంతులు కూడా అంత్యక్రియలకు ఎక్కువగా వాడతారు. 16 రేకుల చేమంతి చక్రవర్తి వంశం చిహ్నం, దాన్ని అచ్చంగా దింపకుండా మీ చేమంతికి రేకులు మార్చుకోండి. కిమోనో అమ్మాయి బొమ్మ కుడుతుంటే ఆమె ఎడమవైపు అంచు పైన ఉండాలి. కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే తీరు. డిజైను తిరగేసి కుట్టినప్పుడు ఈ పొరపాటు జరిగిపోతుంది, చూసుకోండి!

బీదరికంలో పుట్టిన చుక్కల కుట్టు

'ఇంత తక్కువ కుడితే ఏం బాగుంటుంది' అనుకునేవాళ్లకు ఒక ముచ్చట చెప్పాలి. జపాన్ ఉత్తరాన త్సుగరు అనే మంచు ప్రాంతం ఉంది. 1724లో అక్కడి ప్రభువులు రైతుకుటుంబాలు నూలుబట్ట కట్టరాదని శాసించారు. నారబట్టే గతి. గడ్డకట్టే చలిలో ఆ బట్ట సందుల్లోంచి గాలి దూసుకొస్తుంటే ఆడవాళ్లు ఏం చేశారు? నీలిమందు అద్దిన నారబట్ట పోగుల మధ్య తెల్లదారాన్ని పోగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కించారు. సందులు మూసుకుని వెచ్చదనం వచ్చింది, బట్ట మన్నిక పెరిగింది, మీదుమిక్కిలి వజ్రాల్లాంటి డిజైను పడింది. దాన్నే 'కొగిన్' అంటారు. పాతబట్టలను పొరలుగా వేసి కలిపి కుట్టే 'సాషికో' కూడా ఇలాంటి అవసరంలోంచి వచ్చినదే. మన బొంతకుట్టుకు చెల్లెలు అనుకోండి. అందులో ఉన్నది సాదా కుట్టు, ఒక్క రంగు దారం, అంతే. రెండొందల ఏళ్లు దాటినా ప్రపంచమంతా దాన్ని చూసి నేర్చుకుంటోంది.

మా మిషను పాతది, కుదురుతుందా అంటారా?

భేషుగ్గా కుదురుతుంది! జపాన్‌లో కిర్యూ అనే నేతపట్టణం ఉంది. అక్కడ 'యొకొబురి' అని ఒకరకం మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తారు. 'పక్కకు ఊగేది' అని అర్థం. ప్రెషర్ ఫుట్ ఉండదు, సూది పక్కలకు ఊగుతుంది, ఎంత వెడల్పు ఊగాలో మోకాలితో తోసే మీట చెబుతుంది, బొమ్మ మాత్రం బట్టను తిప్పే చేతుల్లోంచి వస్తుంది. యుద్ధం ముగిసిన 1945 తరువాత అమెరికా సైనికులు గుర్తుగా కొనుక్కెళ్లిన పులులు, గద్దల బొమ్మల జాకెట్లు ఈ మిషన్ల మీద కుట్టినవే. మన ఊళ్లలో జిగ్‌జాగ్ మిషను మీద రింగు తిప్పుతూ కుట్టే అమ్మాయిల పని సరిగ్గా ఇలాంటిదే కదా!

అన్నట్టు, మన దగ్గర ఉషా పేరుతో కలిపి వినిపించే 'జనోమే' అనే జపాన్ కంపెనీ పేరుకు 'పాము కన్ను' అని అర్థం. ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన గుండ్రటి బాబిన్ పాము కన్నులా కనిపించిందట, అదే పేరు పెట్టుకున్నారు. ఇళ్లలో వాడుకునే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ను ఆ కంపెనీ 1990లోనే మార్కెట్లోకి తెచ్చింది.

జాకెట్టు మీద విసనకర్ర

ముందు సులువైనది చేద్దాం. పిల్లల జామెట్రీ బాక్సు తెచ్చుకోండి.

కాగితం మీద ఒక చుక్క పెట్టండి. అదే మేకు. అక్కడ వృత్తలేఖిని ఆనించి 3 సెంటీమీటర్ల దూరంలో ఒక చాపం, 8 సెంటీమీటర్ల దూరంలో ఇంకో చాపం గీయండి. కోణమానినితో 120 డిగ్రీలు కొలిచి రెండు పక్కలా హద్దు గీయండి. ఆ 120 డిగ్రీలను 15 డిగ్రీల చొప్పున 8 భాగాలు చేయండి. విసనకర్ర సిద్ధం! పై అంచున ఒక్కో భాగం రెండు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. కింది చాపం నుంచి చుక్కదాకా ఉన్న గీతలు పుల్లలు. పై భాగం రెక్క.

ఇప్పుడు రెక్కలో ఏం వేయాలి? ఎనిమిది భాగాల్లోనూ వేయకండి. ఒక పక్కన మూడు భాగాల్లో అలలు, ఎదురు మూల ఒకే ఒక్క పువ్వు, మిగతా అంతా ఖాళీ. అలలకు 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వలయాల వరస గీసి, రెండో వరసను 1 సెంటీమీటరు కిందికి, 2 సెంటీమీటర్లు పక్కకు జరిపి గీయండి. కింది వరస పై వరసను కప్పినట్టు, కనబడే భాగమే ఉంచి మిగతాది చెరిపేయండి. ఒక్కో అలలో ఇంకో రెండు చిన్న చాపాలు వేస్తే సరి. చిన్న విసనకర్ర కనక అలలన్నీ సగానికి తగ్గించి 1 సెంటీమీటరుతో గీసుకున్నా బాగుంటుంది.

కుట్టేముందు బట్ట వెనక పల్చటి కాగితం పెట్టండి. మిషన్ ఎంబ్రాయిడరీకి రింగు బిగించేటప్పుడు చేతికుట్టుకు బిగించినట్టు కాదు, బట్ట రింగు అడుగున మిషను పలకకు ఆనేటట్టు తిరగేసి బిగించాలి. ప్రెషర్ ఫుట్ తీసేయండి, కింది పళ్లు దించేయండి. పాదం తీసేశాం కదా అని వెనక మీట ఎత్తే ఉంచితే పైదారం వదులైపోయి అడుగున గుబురు కడుతుంది. మీట దించే కుట్టాలి. పైదారం టెన్షన్ కాస్త వదులు చేస్తే బాబిన్ దారం పైకి కనిపించదు. పల్చటి బట్టకు 11 నంబరు సూది చాలు.

పుల్లలకూ, రెక్క అంచుకూ సన్నటి నిండు కుట్టు వేయండి. మడతల గీతలకు సాదా కుట్టు ఒక్క వరస చాలు. అలలకూ అంతే. పువ్వు ఒక్కటే నింపండి. కంటికి ఒకచోటే బరువు తగలాలి. విసనకర్రను వీపు నడిమధ్యలో పెట్టకుండా ఒక భుజం వైపు జరిపి, కాస్త వాలుగా పెట్టండి. పక్కన మడిచిన విసనకర్ర ఒకటి పెడితే అదే జోడీ.

నిజం విసనకర్ర కుడదామా?

గాలికీ పనికొచ్చి, గోడకు పెట్టుకున్నా అందంగా ఉండే బట్ట విసనకర్ర ఇంట్లోనే చేసుకోవచ్చు. పుల్లలు మనం చీల్చక్కర్లేదు. ఫ్యాన్సీ షాపులో దొరికే చవకరకం మడత విసనకర్ర ఒకటి కొనండి.

దాన్ని పూర్తిగా విప్పి తెల్లకాగితం మీద పెట్టి రెక్క చుట్టూ గీయండి. ప్రతి మడత గీతా కూడా గుర్తు పెట్టండి. తరువాత తడి స్పాంజితో రెక్కను మెత్తబరిచి, పుల్లలు విరగకుండా నెమ్మదిగా ఊడదీయండి. పుల్లల్ని నీడలో ఆరబెట్టండి.

బట్టకు పల్చటి పాప్లిన్, కేంబ్రిక్, పల్చటి సిల్కు ఏదైనా సరే. ముందే కత్తిరించకండి. నమూనాను బట్టమీద దింపి, చుట్టూ జానెడు బట్ట వదిలి, రింగు బిగించి, కుట్టు పూర్తయ్యాకే కత్తిరించాలి.

ఇక అసలు సూత్రం. ఒక విసనకర్రకు 20 పుల్లలున్నాయనుకోండి. మధ్య 19 సందులు. ఒక్కో సందుకు రెండు మడత పలకల లెక్కన 38 పలకలు. విసనకర్ర మూసినప్పుడు ఈ 38 పలకలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. ప్రతి పలక మీదా ఒకే ఎత్తులో అర మిల్లీమీటరు దళసరి కుట్టు వేశారనుకోండి, మొత్తం 19 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు సెంటీమీటర్ల లావు! ఇంక అది మూసుకుంటుందా? నోరు తెరిచిన మొసలిలా ఉండిపోతుంది. అందుకే మూడు నియమాలు.

ఒకటి, నిండు కుట్టు మడత గీత దాటకూడదు. గీతకు అటూ ఇటూ 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. కొమ్మలాంటివి గీత దాటాల్సి వస్తే సాదా కుట్టుతో దాటించండి.

రెండు, పువ్వులన్నీ ఒకే వరసలో వద్దు. ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి కిందన చెదిరినట్టు వేస్తే మూసినప్పుడు ఒకదానిమీద ఒకటి పడవు. జపాన్ విసనకర్రల మీద కొమ్మ వాలుగా సాగి పువ్వులు అక్కడక్కడే ఉండే బొమ్మలు ఎక్కువగా చూస్తాం. మన కుట్టు విసనకర్రకు కూడా ఆ తీరే సరిపోతుంది.

మూడు, బాబిన్‌లో కూడా పైదారం రంగే వేయండి. విసనకర్రకు వెనకా ముందూ రెండూ ముఖాలే. వెనక ముడులు, వేలాడే దారాలు ఉంటే అందరికీ కనిపిస్తాయి.

కుట్టయ్యాక వెనక కాగితం చించేసి, తువ్వాలు మీద బోర్లా వేసి ఇస్త్రీ చేయండి. పల్చటి గంజి పెట్టి మళ్లీ ఇస్త్రీ చేయండి. రెక్క హద్దుగీత పొడవునా నీళ్లు కలిపిన ఫెవికాల్ సన్నగా రాసి, ఆరాక ఆ గీత మీదే కత్తిరిస్తే పోగులు లేవవు. ఇప్పుడు క్యోటోవాళ్ల ఉపాయం వాడదాం. నమూనా కొలతతో రెండు దళసరి కాగితాలు కత్తిరించి, రెంటినీ మడతలు పెట్టండి. బట్టను ఆ రెంటి మధ్యా ఇరికించి, మూడూ కలిపి మడిచి, గుడ్డపీలికతో కట్టి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకి మడతలు కత్తిలా పడతాయి.

చివరగా అతికించడం. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, ఒక పలక విడిచి ఒక పలక వెనక పుల్లకు గమ్ము సన్నగా రాసి అంటించుకుంటూ వెళ్లండి. గమ్ము ఎక్కువైతే బట్ట ముందుకు మరక ఊరుతుంది. అన్నీ అంటాక తడి కాస్త తగ్గేవరకు ఆగి, మడిచి, టేపు చుట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఆడవాళ్లు వాడే జపాన్ విసనకర్ర మామూలుగా 20 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. హ్యాండ్‌బ్యాగులో హాయిగా పడుతుంది.

కంప్యూటర్ మిషను ఉన్నవాళ్లకు

రెడీమేడ్ డిజైను కొంటే ముందు చూడాల్సింది కుట్ల సంఖ్య. నిమిషానికి 600 కుట్ల వేగంతో నడిపితే 36,000 కుట్ల విసనకర్రకు ఒక గంట పడుతుంది. అదే గీతలతో వేసిన 9,000 కుట్ల విసనకర్రకు పావుగంట. దారాలు మార్చే సమయం దీనికి అదనం. పల్చటి జాకెట్టు ముక్కకు రెండోదే నప్పుతుంది.

డిజైన్లో నిండు కుట్టుకు దారం దారానికీ మధ్య దూరం సాధారణంగా 0.4 మిల్లీమీటర్లు పెడతారు. విసనకర్ర రెక్కకైతే 0.5 నుంచి 0.6కు పెంచండి. డిజైన్ను చిన్నది చేసేటప్పుడు జాగ్రత్త. కుట్ల సంఖ్య మళ్లీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ లేకుండా బాగా తగ్గిస్తే అవే కుట్లు ఇరుకు చోట్లో కుక్కుకుపోయి సూది విరుగుతుంది. ఏ డిజైనైనా ముందు పాతగుడ్డ మీద ఒకసారి కుట్టి చూసి, మడిచి చూసి, తరువాతే అసలు బట్ట మీద పెట్టండి. ఇంకో మాట. 'జపాన్ డిజైన్లు' అన్న పేరుతో అమ్మేవాటిలో చైనా ఎర్రలాంతర్లు, చైనా ముడులు కలిసిపోయి ఉంటాయి. పేరు చూసి కాదు, పైన చెప్పుకున్న గుర్తులు చూసి ఏరుకోండి.

'నిండుగా కుట్టమ్మా' అంటే?

మీలో చాలామంది ఇంటిపని చేసుకుంటూనే నాలుగు ఆర్డర్లు కుడుతూ ఉంటారు. ఆర్డరు ఇచ్చేవాళ్ల మాట మనకు తెలిసిందే. 'డబ్బులిస్తున్నాం కదా, కాస్త నిండుగా కుట్టమ్మా!' దారం ఎంత పడితే అంత విలువ అన్న లెక్క అది. ఆ లెక్కకు తలొగ్గి మనం గంట చేసే పని నాలుగు గంటలు చేస్తాం. కళ్లు పోతాయి, నడుం పోతుంది, తీరా బట్ట ముడతలు పడితే మాట కూడా మనమే పడతాం.

దీనికి మందు ఒకటే. రెండు నమూనాలు కుట్టి దగ్గర పెట్టుకోండి. అరచేయంత ముక్కలు చాలు. ఒకదానిమీద నింపిన విసనకర్ర, ఒకదానిమీద గీతల విసనకర్ర. రెంటినీ ఒకసారి ఉతికి ఇస్త్రీ చేసి పెట్టండి. వచ్చినవాళ్ల చేతికి రెండూ ఇచ్చి, మడిచి చూడమనండి. అప్పుడు మీరు వాదించాల్సిన పనే ఉండదు, వాళ్ల వేళ్లే చెబుతాయి. కూలి చెప్పేటప్పుడు దారం లెక్కకు తోడు కొలతకు పట్టిన సమయం, గీసిన సమయం, నమూనా కుట్టిన సమయం కూడా కలిపి చెప్పండి. ఎక్కడ కుట్టకూడదో తెలియడం కూడా పనితనమే. దానికీ కూలి ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

చిన్న చిట్కాలు

నీలిరంగు బట్టమీద తెల్లదారం ఒక్కటే చాలు, సాషికో అందం వస్తుంది. పొడవు కుట్టు పెట్టి దళసరి దారంతో కుట్టండి.

జరీదారం కావాలనుకుంటే పుల్లల దగ్గరే వాడండి, రెక్క మీద వద్దు. మడతల దగ్గర జరీ పోగులు లేస్తాయి.

ముదురు ఎరుపు దారం రంగు కారుతుందేమో ముందే తడిగుడ్డతో రుద్ది చూడండి.

తయారైన విసనకర్రను ఎప్పుడూ మూసే ఉంచండి. విప్పి వదిలేస్తే మడతలు సడలిపోతాయి.

విప్పేటప్పుడు రెండు చేతులతో లాగకండి. చివరి పుల్లను బొటనవేలితో మెల్లగా తోస్తే ఒక్కో మడతా దానంతటదే విచ్చుకుంటుంది.

ఈ వేసవిలో ఇంటికి పేరంటాళ్లు వస్తే తాంబూలంతోపాటు మీరు కుట్టిన విసనకర్ర ఒకటి చేతిలో పెట్టి చూడండి. పోనుపోను విశాలమయ్యే దీవెన అని దాని అర్థం కూడా చెప్పండి. కరెంటు పోయినప్పుడల్లా మిమ్మల్ని తలుచుకుంటారు!